కర్బూజ తీగ ఏపుగా ఉంది, పిందె నిలవడం లేదు. ఏ ఎరువు వేయాలి?

హన్మకొండ మిద్దెతోట:
15×15 అంగుళాల గ్రో బ్యాగుకు ఒక్కో కర్బూజ మొక్క ఉంది. విత్తనం జనవరి చివర పెట్టినది. తీగ ఆరడుగులు దాటింది, ఆకులు ముదురు పచ్చగా ఉన్నాయి. వారానికోసారి జీవామృతం, మధ్యమధ్యలో వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోస్తున్నాను. పూలన్నీ రాలిపోతున్నాయి. ఇంకేం వేయమంటారు?

గుంటూరు పెరటిసాగు:
ఏమీ వేయకండి, ముందు చెక్కనీళ్లు ఆపండి. వేరుశనగ చెక్కలో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది. పూత వేళ అది ఎక్కువైతే తీగ, ఆకులే పెరుగుతాయి, పిందె పూలు ఆలస్యమవుతాయి. అయినా మొదట వచ్చేవి మగపూలే, అవి రాలడం సహజం. కర్బూజలో పిందె కట్టే పూలు ఎక్కువగా పక్క కొమ్మల మొదటి కణుపుల్లోనే వస్తాయి. అసలు తీగ చివర తుంచేయండి, పక్క కొమ్మలు లేస్తాయి.

పూతకు అందరూ 13:0:45 ఎరువు చెబుతారు (ఈ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు). అందులోనూ 13 శాతం నత్రజని ఉంది, మీ మట్టిలో ఇప్పటికే అది మిగిలిపోయింది. నత్రజని లేని పొటాష్ ఎరువు 0:0:50 తీసుకుని లీటరుకు 2 గ్రాములు కలిపి, మొక్కకు లీటరు చొప్పున పది రోజులకోసారి పోయండి. ముందు మామూలు నీళ్లతో మట్టి తడపాలి, పొడి మట్టిలో పోస్తే వేళ్లు మాడతాయి. రసాయనం వద్దనుకుంటే జల్లించిన కట్టెల బూడిద బ్యాగుకు రెండు చెంచాలు, నెలకోసారి చాలు. బూడిదను పేడతో, జీవామృతంతో కలపొద్దు, నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

కడప తీగతోట:
పై మాటే సరైనది. దానికి తోడు, పువ్వు కింద చిన్న ఉబ్బు ఉందో లేదో చూడండి. ఉబ్బు ఉన్న పువ్వు కూడా రాలుతుంటే లోపం ఎరువుది కాదు, పరాగ సంపర్కానిది. మేడ మీదకి తేనెటీగలు తక్కువగా వస్తాయి. ఉదయం 9 లోపే మగపువ్వు కోసి, రేకులు తీసి, పుప్పొడిని ఉబ్బున్న పువ్వు మధ్యలో అద్దండి. 20 శాతం బోరాన్ ఉన్న ఎరువును లీటరుకు గ్రాము చొప్పున ఒక్కసారి పిచికారీ చేయొచ్చు. మోతాదు మించితే ఆకుల అంచులు మాడతాయి.

హన్మకొండ మిద్దెతోట:
పక్క కొమ్మ మీద ఉబ్బున్న పూలు కనిపించాయండీ, ధన్యవాదాలు. కానీ పాత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కుతోంది. ఇదీ నత్రజని వల్లేనా?

గుంటూరు పెరటిసాగు:
కాదు, అది మెగ్నీషియం లోపం. లీటరుకు 5 గ్రాముల ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి సాయంత్రం ఆకులపై చల్లండి, పది రోజులకు మరోసారి. పొటాష్ మోతాదు మించినా ఈ లోపమే వస్తుంది కాబట్టి 0:0:50 పెంచకండి. ఎప్సం సాల్ట్‌ను కాల్షియం నైట్రేట్‌తో ఒకే నీళ్లలో కలిపితే జిప్సంగా పేరుకుని రెండూ వృథా. బూడిద తెగులు (ఆకులపై తెల్లపొడి) కనిపించినా గంధకం పొడి చల్లొద్దు, ఎండల్లో కర్బూజ ఆకులు మాడిపోతాయి.

ఈ బ్యాగులో తీగకు రెండు కాయలే ఉంచండి, మిగతా పిందెలు గిల్లేయండి. కాయ మీద వల గీతలు పూర్తిగా పరుచుకున్నాక నీళ్లు సగానికి తగ్గించాలి, ఒకేసారి ఎక్కువ పోస్తే కాయ పగులుతుంది. తొడిమ దగ్గర చుట్టూ చీలిక వచ్చి, చేయి వేయగానే ఊడివస్తే కోసుకోవచ్చు.