సెప్టెంబరు వార్బ్లర్లు అన్నీ ఒకేలా ఉన్నాయి, పేరు పట్టుకునేది ఎలా?

రాత్రిడ్యూటీ

నమస్తే అండీ. నాకు రాత్రి షిఫ్టు. ఇంటికొచ్చేసరికి ఆరవుతుంది, వెంటనే నిద్ర పట్టదు. అందుకని బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదురుగా ఉన్న పెద్ద చెట్టును చూస్తూ కూర్చోవడం అలవాటైంది. పోయిన నెల 8×42 బైనాక్యులర్ కొన్నాను. కాకులు, పావురాలు, పిచ్చుకలతో ఇబ్బంది లేదు.

పది రోజుల నుంచి ఆ చెట్టులోకి చిన్న చిన్న పిట్టలు వస్తున్నాయి. పైన ఆకుపచ్చో, బూడిదో, మట్టి రంగో తేల్చుకోలేని రంగు. కింద తెలుపు, అందులో కాస్త పసుపు. ఒక్క చోట రెండు సెకన్లు కూడా నిలబడవు. బైనాక్యులర్ కళ్ల దగ్గరికి తెచ్చేలోపు ఆకు ఊగుతూ ఉంటుంది, పిట్ట ఉండదు. పుస్తకం తిరగేస్తే వార్బ్లర్లని అర్థమైంది. కానీ ఆ పేజీలో పన్నెండు బొమ్మలున్నాయి, పన్నెండూ ఒకటే పిట్టలా ఉన్నాయి. నిన్న మూడు పిట్టలకి మూడు పేర్లు రాసుకున్నాను. ఇవాళ మళ్లీ చూస్తే మూడూ ఒకటేనేమో అనిపించి మూడు పేర్లూ కొట్టేశాను. నిజంగా బాధేసింది.

ఇంకో సంగతి. మంగళవారం రాత్రి వాన పడి తెల్లవారుజామున ఆగింది. ఆ పొద్దున చెట్టంతా కదులుతూనే ఉంది, తక్కువలో తక్కువ పదిహేను ఉంటాయి. గురువారం పొద్దున ఒక్కటి లేదు. ఎక్కడికి పోయినట్టు?

పేరు పట్టుకోవాలంటే ముందుగా ఏం చూడాలి? 10×42 తీసుకుంటే తేడా తెలుస్తుందా? తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి.

ఫోన్‌లోపిట్ట

మెర్లిన్ యాప్ వేసుకోండి. అందులో సౌండ్ ఐడీ ఆన్ చేసి ఫోన్ బాల్కనీ గోడ మీద పెట్టండి. పిట్ట అరవగానే పేరు చూపిస్తుంది. 10× వద్దు, చెట్టు దగ్గరే కాబట్టి 8× చాలు. ఎక్కువ పవర్ ఉంటే ఒకేసారి కనిపించే చోటు తగ్గుతుంది, చేతి వణుకు కూడా ఎక్కువ కనిపిస్తుంది. గంతులేసే పిట్టను అందులో వెతుక్కోవడం ఇంకా కష్టం.

పొద్దుటినోటుబుక్కు

రాత్రిడ్యూటీ గారూ, మూడు పేర్లూ కొట్టేశానన్నారు కదా, దానికి బాధపడకండి. నేను పంతొమ్మిదేళ్లుగా ప్రతి సెప్టెంబరులో ఈ పిట్టల కోసమే నాలుగున్నరకి లేస్తున్నాను. మొదట్లో రాసుకున్న పేర్లు కొట్టెయ్యడానికి నాకు మనసొప్పేది కాదు. ఆ నోటుబుక్కులు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలోని వార్బ్లర్ పేర్లను మాత్రం దేనికీ లెక్కలోకి తీసుకోను.

ముందు వాన సంగతి. వార్బ్లర్లు ప్రయాణం చేసేది ఎక్కువగా రాత్రిపూట. పొద్దుగూకాక బయల్దేరి, తెల్లవారేసరికి ఎక్కడ చెట్లు కనిపిస్తే అక్కడ దిగుతాయి. వెనక గాలి ఉంటే సాగిపోతాయి. దారిలో వాన తగిలితే ఉన్నచోటే దిగిపోక తప్పదు. మంగళవారం రాత్రి వాన మీ చెట్టు నింపింది. తర్వాత ఆకాశం తేటపడగానే అవి మళ్లీ దారి పట్టాయి. కాబట్టి రాత్రి వాన పడి వేకువన వెలిసిన రోజు మీరు అస్సలు నిద్రపోకండి. సూర్యోదయం తర్వాత మొదటి రెండు గంటలు, ఎండ ముందుగా తగిలే వైపు కొమ్మలు చూడండి. ఆ వెచ్చదనానికి పురుగులు కదులుతాయి, వాటి కోసం పిట్టలూ ముందు అక్కడికే చేరతాయి.

ఆ ప్రయాణంలో నన్ను ఇప్పటికీ కదిలించే విషయం ఒకటుంది. ఆ పదిహేనింట్లో కొన్నయినా ఈ వేసవిలోనే గుడ్డులోంచి వచ్చిన పిల్లలై ఉంటాయి. వాటికి దారి చూపించడానికి తల్లిదండ్రులు పక్కన ఉండవు. ఎటు పోవాలన్నది పుట్టుకతోనే వస్తుంది. బ్లాక్‌క్యాప్ అనే వార్బ్లర్ మీద జర్మనీలో చేసిన ప్రయోగాల్లో, నైరుతికి పోయే గుంపు పిట్టలనూ ఆగ్నేయానికి పోయే గుంపు పిట్టలనూ జత కడితే, పిల్లలు ఆ రెండింటికీ మధ్య దిక్కుకి తిరిగాయి. ఏడెనిమిది గ్రాముల పిట్ట, చీకట్లో, తోడు లేకుండా, ఎన్నడూ చూడని చోటికి వెళ్లడమంటే మామూలు విషయమా.

ఇక పేరు. రంగును పక్కన పెట్టండి. ఆకు నీడలో పచ్చగా కనిపించే పిట్ట ఎండలోకి వస్తే బూడిద రంగులో ఉంటుంది. మీరు చెప్పిన మూడు రంగులూ ఒకే పిట్టవి కావచ్చు. నేను కొత్తవాళ్లకి చెప్పేది ఒకటే: పొద్దున ఒక్క పిట్టను పట్టుకోండి, అది చెట్టు వదిలి పోయేదాకా దాన్నే చూడండి. మిగతా పద్నాలుగూ పోతే పోనివ్వండి. కదలిక కనిపించిన చోటు మీద నుంచి చూపు తీయకుండా బైనాక్యులర్‌ని కళ్ల మీదికి తెచ్చుకోవాలి. బైనాక్యులర్ పెట్టుకున్నాక వెతకడం మొదలెడితే దొరకదు. పుస్తకం కూడా అప్పుడే తెరవకండి. ముందు చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టండి. బొమ్మ చూశామంటే, చూడనివి కూడా చూసినట్టే అనిపిస్తాయి.

ఏం రాయాలి? కనుబొమ్మ గీత, అంటే కంటి పైనుండే లేత గీత, కంటి దగ్గరే ఆగిందా, వెనక దాకా సాగిందా. రెక్క మీద అడ్డంగా లేత గీత ఉందా. కింది ముక్కు లేతగా ఉందా, నల్లగా ఉందా. కాళ్ల రంగు. తోక ఆడిస్తోందా. చెట్టు పైభాగంలో ఆకుల్లో తిరుగుతోందా, కింద పొదల్లో నక్కి ఉందా. అన్నిటికన్నా ముందు, ఏమని అరిచింది.

మీరు చెప్పిన పోలికలకి నా మొదటి ఊహ గ్రీనిష్ వార్బ్లర్. ఇది యూరప్ ఈశాన్య మూల నుంచి సైబీరియా, మధ్య ఆసియా, హిమాలయాల దాకా గూడు కట్టి, చలికాలానికి భారత ఉపఖండానికి దిగుతుంది. పొడవాటి కనుబొమ్మ, రెక్క మీద ఒక్క సన్నని గీత. అయితే ఆ గీతను మరీ నమ్ముకోకండి. ఒకసారి మెట్ల దగ్గర కిటికీకి రెండు గజాల దూరంలో, తడిసిన కొమ్మ మీద ఈ పిట్ట వచ్చి కూర్చుంది. ఆకు అడుగునున్న సన్నని పచ్చ పురుగుని అందుకోవడానికి ఒక్క క్షణం గాల్లోనే రెక్కలాడిస్తూ నిలబడింది. తర్వాత ఆ పురుగుని కొమ్మకేసి రెండుసార్లు రుద్ది మింగింది. కింది ముక్కు లేత నారింజ రంగు, ఎండ పడితే గోరులా పారదర్శకంగా కనిపించింది. కుడి రెక్క మీద గీత ఉంది. ఎడమ రెక్క మీద లేదు. అరిగిపోయింది! ఈ రుతువులో ఎదిగిన పిట్టల ఈకలు అలాగే అరిగి ఉంటాయి. ఆ రోజు నేను ఒక పక్కే చూసి ఉంటే దానికి వేరే పేరు రాసేవాణ్ణి.

అరుపు అరిగిపోదు. గ్రీనిష్‌ది రెండు ముక్కల పిలుపు, నా చెవికి "చిస్‌లీ" అన్నట్టు ఉంటుంది. చలికాలమంతా ఒక్కో పిట్ట కొన్ని చెట్లను తనవిగా పెట్టుకుని, ఆ పిలుపుతోనే పక్కదాన్ని దూరం పెడుతుంది. అందుకే అంతగా అరుస్తుంది. అదే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ అయితే "టక్... టక్", నాలుక అంగిలికి కొట్టినట్టు. అది మట్టి రంగు పిట్ట, రెక్క మీద గీత ఉండదు, కనుబొమ్మ కంటి దగ్గరే మాసిపోతుంది, ముక్కు పొడుగు. కనిపించకుండా పొదలో ఉన్నా ఆ టక్ ఒక్కటి చాలు.

మనకే కాదు, ఆ పిట్టలకి కూడా ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి పాటే ముఖ్యం. టిబెట్ పీఠభూమి చుట్టూ గ్రీనిష్ వార్బ్లర్లు ఒక వలయంలా ఉన్నాయి. దక్షిణం నుంచి పడమటి పక్కగా పోయే కొద్దీ పాట కొంచెం కొంచెం మారుతుంది, తూర్పు పక్కగా పోయినా అంతే. ఆ రెండు కొసలూ సైబీరియాలో కలిసేచోట, ఒకదాని పాటని ఇంకొకటి తన జాతి పాటగా పట్టించుకోదు. మనుషులూ పాటతో జాతులు పట్టుకున్నారు: 1768లోనే ఇంగ్లండ్‌లో గిల్బర్ట్ వైట్ అనే మతగురువు, అందరూ ఒకటే అనుకుంటున్న పిట్టలో మూడు జాతులున్నాయని ప్రధానంగా పాటల తేడాతో పట్టుకున్నాడు. ఇప్పుడు వాటిని చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్, వుడ్ వార్బ్లర్ అంటున్నాం.

యాప్ మంచిదే. కానీ పేరు రాగానే రాసేసుకోకండి. అటు తిరిగి, అరిచిన పిట్టను వెతికి, అదేనో కాదో చూసుకున్నాకే రాయండి. ఇంకోటి, ఫోన్లో పాట మోగించి పిట్టను రప్పించకండి. రాత్రంతా ఎగిరి వచ్చిన ప్రాణి, దాని పని తినడం. ఆ పూట దాని తిండి వేళ మనం లాక్కోకూడదు.

ఇంత గట్టిగా చెవి గురించి చెప్పడానికి నాకొక కారణం ఉంది. నాకు అరవై నాలుగు. వయసుతో ముందుగా వినపడకుండా పోయేవి సన్నని, ఎత్తు స్వరాలే. రెండేళ్ల కిందట పక్కన నిలబడ్డ మా మనవరాలు "తాతా, అరుస్తోంది కదా" అంది. నాకు వినపడలేదు. పిట్ట నోరు తెరవడం బైనాక్యులర్‌లో కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు దగ్గరగా అరిస్తేనే అందుతోంది. మీ చెవులు బాగున్న ఈ రోజుల్లోనే ఆ పిలుపుల్ని లోపల దాచుకోండి.

రాత్రిడ్యూటీ

పొద్దుటినోటుబుక్కు గారూ, మీ జవాబు మూడుసార్లు చదివాను. చివరి పేరా చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. రేపటి నుంచి ఒక్క పిట్టే, పుస్తకం లోపలే ఉంటుంది.

ఒక సందేహం. ఎంత చూసినా పేరు తేలకపోతే ఏం రాయాలి?

పొద్దుటినోటుబుక్కు

"వార్బ్లర్, జాతి తెలియలేదు" అని రాసి, చూసిన గుర్తులన్నీ కింద రాయండి. అది కూడా పూర్తి నమోదే. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో కూడా అలా రాయడానికి చోటుంది. నిన్నటి నా పేజీలో నాలుగు పిట్టలున్నాయి, రెండింటికి పేరు లేదు.

కిటికీచుక్కలు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మీ బాల్కనీకి అద్దం తలుపుందా? ఉంటే ఈ రెండు నెలలు జాగ్రత్త. అద్దంలో చెట్టు నీడ పడితే పిట్టకి అది చెట్టే. మా ఇంట్లో ఒక పొద్దున టప్‌మని శబ్దం వచ్చి వెళ్లి చూస్తే ఇంత చిన్న పిట్ట, ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఆ రోజే అద్దం బయటి వైపు చుక్కల స్టిక్కర్లు అతికించాను. చుక్కకీ చుక్కకీ మధ్య 5 సెంటీమీటర్లకి మించకూడదు. ఒకటో రెండో పెద్ద డేగ బొమ్మలు అతికిస్తే సరిపోదు, మిగతా అద్దం ఖాళీగానే ఉంటుంది.

రాత్రిపూట లైట్లు కూడా ఆపండి. 2023 అక్టోబరులో షికాగోలో సరస్సు ఒడ్డునున్న ఒక్క భవనం అద్దాలకి కొట్టుకుని ఒక్క రాత్రిలో దాదాపు వెయ్యి పక్షులు చచ్చిపోయాయి, వాటిలో వార్బ్లర్లు చాలా ఉన్నాయి. తర్వాతి ఏడాది అద్దాలకి చుక్కల ఫిల్మ్ వేశాక ఆ చావులు బాగా తగ్గాయి. అంటే పని చేస్తుంది, అతికించండి.

రాత్రిడ్యూటీ

కిటికీచుక్కలు గారూ, తలుపు అద్దమే. సాయంత్రం స్కేలు పెట్టి కొలిచి అతికించాను. బాల్కనీ లైటు కూడా రాత్రి వేయొద్దని ఇంట్లో చెప్పాను.

పొద్దుటినోటుబుక్కు గారూ, ఇవాళ ఆరూ ఇరవైకి ఒక్క పిట్టను పట్టుకున్నాను. పదకొండు నిమిషాలు చూశాను. రాసింది రాసినట్టు పెడుతున్నాను: కనుబొమ్మ పొడుగు, కంటి వెనక బాగా సాగింది. కాళ్లు నలుపు. కింది ముక్కు లేత. కుడి రెక్క మీద సన్నగా ఒక గీత, ఎడమ రెక్క కనిపించలేదు. చెట్టు పై కొమ్మల్లోనే ఉంది, తోక ఆడించలేదు. రెండుసార్లు అరిచింది, "చి-స్లీ", రెండో ముక్క కొంచెం దిగింది. రెండోసారి అరిచినప్పుడు ముక్కు తెరుచుకోవడం కూడా చూశాను.

పేరు ఇంకా రాయలేదు. రేపు ఎడమ రెక్క కూడా చూసి రాస్తాను.