పాత సముద్ర పటం మీద కొట్టేసిన పేరు చదవడం ఎలా?

దాప్రే ద మాన్విలెట్ తయారుచేసిన ఫ్రెంచి అట్లాస్ ‘నెప్త్యూన్ ఓరియంతాల్’ 1775 ముద్రణ నుంచి ఊడిపోయిన కోరమాండల్ తీరం పటం ఒకటి ఈమధ్య కొన్నాను. మొదటి ముద్రణ 1745లోనే వచ్చింది. నా ఆత్రమంతా పటం మీద కాదు, దాన్ని వాడినవాళ్ల మీద!

వెనక ఒక సంతకం ఉంది. తరవాతెవరో దాన్ని అడ్డదిడ్డంగా కొట్టేశారు. మచిలీపట్నం ఎదురుగా సముద్రంలో చేత్తో రాసిన లోతులు, డివైడరు ముల్లు గుచ్చిన చిల్లులు కనిపిస్తున్నాయి. అచ్చులో రేఖాంశాలు ప్యారిస్ నుంచి లెక్కించినవి. అంచున మాత్రం ఎవరో పెన్సిల్‌తో ఇంకో వరస వేశారు, ప్రతి అంకెకూ 2 డిగ్రీల 20 నిమిషాలు ఎక్కువ. ప్యారిస్ గ్రీనిచ్‌కి అంత తూర్పున ఉంటుంది, అంటే ఇది ఇంగ్లీషువాళ్ల గ్రీనిచ్ లెక్క. ఈ పటం ఉన్న ఓడ చేతులు మారి ఇంగ్లీషువాళ్లకు చిక్కిందా అని నా ఊహ, తొందరపాటేమో.

ఆ లోతులు ఫ్రెంచి బ్రాసులా, ఇంగ్లీషు ఫాదములా? రెండూ మన బార లాంటివే, కానీ ఒకటి సుమారు 1.62 మీటర్లు, రెండోది 1.83. ఎలా తేల్చాలి?

కొట్టేసిన పేరు అతినీలలోహిత దీపం కింద బయటపడుతుందా? రెండు సిరాలూ ఇనుప సిరాలే (ఇనుప లవణంతో చేసే పాతకాలపు నల్ల సిరా) అయితే రెండూ నల్లగానే కనిపిస్తాయేమోనని అనుమానం. చేసి చూసినవాళ్లుంటే చెప్పండి. పెన్సిల్ గీతలు తుడిపించెయ్యమని అమ్మినాయన సలహా, నాకైతే చేతులు రావడం లేదు.