బుడమేరు వరదలో మునిగిన స్ప్లెండర్ ప్లస్‌కి ఇంట్లోనే ఇంజన్ మార్చడం – ఏం చూసుకోవాలి?

సింగ్‌నగర్ 2009 (ప్రశ్న)

బండి హీరో హోండా స్ప్లెండర్ ప్లస్, 2009 మోడల్, కిక్ స్టార్ట్, కార్బొరేటర్. 2024 సెప్టెంబరు వరదలో సీటు దాకా మునిగింది. అప్పట్లో ఆయిల్ మార్చి, కార్బొరేటర్ కడిగి తిప్పుతూ వచ్చాం. కొన్నాళ్లుగా కింది నుంచి గరగరమని మోత, ఇప్పుడు ఇంజన్ పట్టేసింది. ప్లగ్గు తీసినా కిక్ రాడ్డు సగంలో ఆగిపోతోంది. ఆటోనగర్‌లో ఇదే మోడల్ పాత ఇంజన్ ఒకటి చూశాను. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనూ మా తమ్ముడూ కలిసి మార్చుకుందామనుకుంటున్నాం. పానాల సెట్టు, చిన్న జాకీ ఉన్నాయి. కొనేముందు ఏం చూడాలి? దించేటప్పుడు, ఎక్కించేటప్పుడు ఎక్కడ తేడా వస్తుంది? తెలిసిన అన్నలు వివరంగా చెప్పండి.

పానాల పెట్టె

డబ్బులు ఇవ్వకముందే, పట్టేసింది ఇంజనా, కిక్ షాఫ్టా తేల్చుకోండి తమ్ముడూ. ఎడమవైపు మ్యాగ్నెట్ కవరు మీది మూత విప్పితే లోపల మ్యాగ్నెట్ నట్టు కనిపిస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి, ప్లగ్గు తీసేసి, ఆ నట్టుకి బాక్సు పానా వేసి మెల్లగా తిప్పి చూడండి. అది హాయిగా తిరుగుతూ కిక్ ఒక్కటే ఆగుతుంటే జబ్బు కిక్ షాఫ్టు దగ్గరే, ఇంజన్ మార్చే పనే లేదు. నట్టు కూడా కదలకపోతే క్రాంకో (పిస్టన్ కదలికతో గిర్రున తిరిగే ఇరుసు) పిస్టనో పట్టేసినట్టు. అప్పుడు బలం పెట్టొద్దు. ఎడమవైపు నుంచి చూస్తే ఇంజన్ తిరిగేది గడియారం ముల్లుకి ఎదురు దిశలో, నట్టు ఊడేదీ అదే దిశలో. ఇంజన్ కదలదు, నట్టు వదులై చేతికొస్తుంది.

మీరు చెప్పిన గరగర మోత, వరద, రెండూ కలిపి చూస్తే క్రాంకు బేరింగులో, కనెక్టింగ్ రాడ్డు కింది చివరో పోయి ఉంటుంది. స్ప్లెండర్‌లో ఆయిల్‌కి కాగితం ఫిల్టరు ఉండదు. కుడి కవరు లోపల ఒక జల్లెడ, క్రాంకు చివర గిర్రున తిరిగే ఆయిల్ గిన్నె ఉంటాయి. బురద ఆ గిన్నె గోడలకి పట్టి గట్టిపడిపోతుంది. డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా అది రాదు. కనెక్టింగ్ రాడ్డుకి ఆయిల్ వెళ్లేది ఆ గిన్నె మీదుగానే. పైగా నీళ్లు కొన్నాళ్లు నిలిచిన చోట బేరింగు గోళీలు తుప్పుకి చుక్కలు చుక్కలుగా గుంటలు పడతాయి. మోత అక్కడ మొదలవుతుంది.

ఇక పాత ఇంజన్ చూడటం. అదీ వరదలో మునిగిన బండిదేనేమో అన్న అనుమానంతోనే చూడండి, విజయవాడలో ఇది చాలా ముఖ్యం. డ్రెయిన్ బోల్టు విప్పి పావు గ్లాసు ఆయిల్ తెల్ల పళ్లెంలో పోయించుకోండి. మజ్జిగ రంగులో ఉంటే నీళ్లు. అడుగున ఇసుక తగిలినా, ఇత్తడి రంగు రేకులు మెరిసినా వదిలేయండి. బూడిదలాంటి సన్నపొడి కొంచెం ఉంటే పర్వాలేదు, అది క్లచ్, గేర్ల అరుగుడు. ఆయిల్ ముందే పారబోసి ఉంచానంటే జల్లెడ తీసి చూపించమనండి.

తర్వాత మ్యాగ్నెట్ కవరు తీయించి చక్రాన్ని రెండు చేతులతో పైకీ కిందికీ ఆడించండి. కొంచెం ఆడినా మెయిన్ బేరింగు పోయినట్టే. పిస్టన్ పైకొచ్చిన చోట చక్రాన్ని రెండు వేళ్ల మందం అటూ ఇటూ ఊపండి. సన్నగా టక్ టక్ అని చేతికి తెలిస్తే రాడ్డు వదులు. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు అదిమి కిక్ కొడితే గాలి వేలిని తన్నేయాలి. తన్నకపోతే ఆ రంధ్రంలో ఒక టీ స్పూను ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. ఇప్పుడు తన్నితే రింగులు అరిగినట్టు, అది బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేస్తే పోతుంది. అప్పటికీ తన్నకపోతే ఎక్కువగా వాల్వులే. చివరగా స్ప్రాకెట్ షాఫ్టు చేత్తో తిప్పుతూ నాలుగు గేర్లూ వేసి చూడండి.

గుంటూరు ఆర్సీ

కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. ఇంజన్ నంబరు కొట్టి ఉండేది క్రాంక్‌కేస్ (క్రాంకు, గేర్లు ఉండే ఇంజన్ కింది డొక్క) మీద, మీ ఆర్సీలోనూ ఇన్సూరెన్సులోనూ ఉన్నది అదే నంబరు. ఇంజన్ మొత్తం మారిస్తే నంబరు మారుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం మార్చేముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, మార్చాక 14 రోజుల్లోగా ఆర్సీతో వెళ్లి నమోదు చేయించాలి. ఆ తర్వాత ఇన్సూరెన్సు కంపెనీకీ తెలియజేయండి. నంబరు కలవని బండి మీద ప్రమాదం క్లెయిమ్ వస్తే చిక్కు పడేది మీరే.

అమ్మేవాడి దగ్గర ఇంజన్ నంబరు రాసిన బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిదో దాని ఆర్సీ కాపీ తీసుకోండి. నంబరు ఉన్న చోట గీకినట్టున్నా, అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నా అక్కడి నుంచి వచ్చేయండి. అది దొంగ బండిదైతే ధర ఎంత తగ్గించినా లాభం లేదు.

ఇంకో దారి ఉంది, నాకైతే అదే మేలనిపిస్తుంది. మీ క్రాంక్‌కేస్ పగలకుండా ఉంటే దాన్నే ఉంచి, క్రాంకు అసెంబ్లీ, బేరింగులు, ఆయిల్ సీళ్లు, సిలిండర్ పిస్టన్ కిట్టు, ప్యాకింగుల సెట్టు కొత్తవి వేయించుకోండి. నంబరు మారదు, ఆఫీసు చుట్టూ తిరిగే పని లేదు. కాకపోతే కేసు విడదీయాలంటే మ్యాగ్నెట్ పుల్లర్, గేర్ల అమరిక తెలిసిన చెయ్యి కావాలి. రాడ్డు కిట్టు ఒక్కటే మార్చాలంటే క్రాంకు పిన్ను ప్రెస్ మీద వేసి, డయల్ గేజీతో వంకర చూడాలి. ఆ పని సెల్లార్‌లో కాదు, లేతు షాపులోనే. ఇంజన్ దించడం, ఎక్కించడం మీరు చేసుకుని మధ్యలో పని వాళ్లకివ్వొచ్చు.

సింగ్‌నగర్ 2009

నట్టు కూడా కదల్లేదండి, ఇంజనే పట్టేసింది. అమ్మేవాడు ఆర్సీ కాపీ ఇస్తానన్నాడు, పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. రేపు ఆర్టీఓ ఆఫీసులో అనుమతి అడుగుతాను. ఈలోగా సైలెన్సర్ విప్పబోతే హెడ్డు దగ్గర స్టడ్డు ఒకటి విరిగింది. ఏం చేయాలి?

కృష్ణలంక కార్బొరేటర్

అది పాత హెడ్డు స్టడ్డే కదా, దాని జోలికి వెళ్లకండి. రెండో నట్టు కూడా తుప్పు పట్టి ఉంటే కోసేయండి. మీరు జాగ్రత్తపడాల్సింది కొన్న ఇంజన్ స్టడ్లకి. రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి నానబెట్టండి, పొద్దున వైరు బ్రష్షుతో మరలు శుభ్రం చేసి, నట్టు చేత్తోనే చివరిదాకా వెళ్తోందో లేదో చూడండి. వాటిలో ఏదైనా విరిగి ముక్క బయటికి ఉంటే, రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి బిగించి లోపలి నట్టుతో తిప్పితే వచ్చేస్తుంది. హెడ్డుతో సమానంగా విరిగితే ఇంట్లో డ్రిల్లు పెట్టకండి. డ్రిల్లు పక్కకి జారి మెత్తటి అల్యూమినియాన్ని తినేస్తుంది.

దించడానికి వరస ఇది. సెల్లార్‌లో గాలి ఆడదు కాబట్టి పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసే పని బయట చేసుకోండి. బ్యాటరీ మైనస్ వైరు ముందు తీయండి. ఆయిల్ డబ్బాలోకి దించుకుని ఆటోనగర్‌లో పాత ఆయిల్ కొనేవాళ్లకివ్వండి, బందరు కాలవలోనో డ్రెయినేజీలోనో పోయొద్దు. కార్బొరేటర్‌ని విడదీయక్కర్లేదు. రెండు నట్లు విప్పి కేబుల్‌తో సహా ఫ్రేముకి తాడుతో కట్టేయండి, ఇన్‌లెట్ రంధ్రంలో గుడ్డ కుక్కండి. గేర్ రాడ్డు తీసేముందు షాఫ్టు మీద, రాడ్డు మీద కలిపి ఒక గీత పెట్టండి. ఆ గీత లేకపోతే రాడ్డు ఒక పన్ను పైనో కిందో కూర్చుంటుంది, కాలికి గేరు అందదు.

చైన్ స్ప్రాకెట్ బోల్టులు రెండూ చైను ఉన్నప్పుడే వదులు చేసుకోవాలి. వెనక బ్రేకు తమ్ముడు తొక్కి పట్టుకుంటే స్ప్రాకెట్ తిరగదు. చైన్ తీశాక ఈ పనికి ఎదురు బలం దొరకదు. క్లచ్ కేబుల్, బ్రీదర్ గొట్టం, మ్యాగ్నెట్ వైర్ల కనెక్టర్లు విప్పేముందు ఫోన్లో రెండు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఫుట్‌రెస్టు అడ్డొస్తే అదీ తీసేయండి.

ఇంజన్ కింద చెక్క ముక్క, దాని కింద జాకీ పెట్టండి. జాకీని నేరుగా ఆనిస్తే కింది రెక్కలు విరుగుతాయి. ఇంజన్ బరువు జాకీ మీదికి వచ్చేదాకా బోల్టులు కొట్టకండి. బోల్టు బిగుతుగా ఉందంటే జాకీ ఎత్తు తేడాగా ఉందని అర్థం, సుత్తితో కొడితే మరలే పోతాయి. జాకీని కాస్త పైకో కిందికో చేస్తే బోల్టు వేలితోనే జారుతుంది. చివరి బోల్టు లాగేటప్పుడు ఒకరు రెండు చేతులతో ఇంజన్ పట్టుకుని ఉండాలి. హెడ్డు ముందుకి చాచి ఉండే ఇంజన్ ఇది, ఒక్కసారిగా ముందుకి ఒరుగుతుంది.

కొత్తగా తెచ్చిన ఇంజన్ నేల మీద ఉండగానే కుడి కవరు విప్పి జల్లెడ, ఆయిల్ గిన్నె కిరోసిన్‌తో కడగండి. ప్యాకింగు కొత్తది వేయండి. ఎక్కించాక ఈ పని మళ్లీ చేయబుద్ధి కాదు. ఎక్కించేటప్పుడు మౌంటింగు బోల్టులన్నీ ముందు చేత్తో సగం దాకా ఎక్కించి, ఆ తర్వాతే ఒక్కొక్కటీ బిగించండి. ఒకదాన్ని పూర్తిగా బిగించేస్తే మిగతా రంధ్రాలు ఎదురుపడవు. టార్క్ పానా లేకపోతే లెక్క ఇలా చూసుకోండి: 25 సెంటీమీటర్ల పానా చివర 10 కిలోల బలం పెడితే సుమారు 25 న్యూటన్ మీటర్లు. డ్రెయిన్ బోల్టుకి అది చాలు, దాని వాషరు కొత్తది వేయండి.

చైన్ లింకు క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ వెళ్లే దిశకి ఉండాలి. తిరగేస్తే దేనికైనా తగిలి ఊడిపోతుంది. కార్బొరేటర్‌కీ హెడ్డుకీ మధ్య ఉండే ఓ-రింగు, సైలెన్సర్ ప్యాకింగు కొత్తవే వేయండి. ఓ-రింగు దగ్గర గాలి లాగితే ఐడిల్ నిలవదు, యాక్సిలరేటర్ వదిలినా రేసు దిగదు. చాలామంది దాన్ని కార్బొరేటర్ జబ్బనుకుని స్క్రూలు తిప్పుతూ కూర్చుంటారు. ఇంకొకటి, ఆకుపచ్చ ఎర్త్ వైరు కొన గీకి శుభ్రం చేసి బిగించండి.

పానాల పెట్టె

మొదటిసారి స్టార్ట్ చేయడం గురించి కొంచెం. ఆయిల్ 10డబ్ల్యూ-30, డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో తడిసే క్లచ్ ఉన్న బండ్లకి పనికొచ్చే రకం) అని ఉన్నదే తీసుకోండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు జారతాయి. మెయిన్ స్టాండు వేసి డిప్‌స్టిక్కు బిగించకుండా ఊరికే దింపి చూడండి, పై గీత దాటకూడదు. ప్లగ్గు తీసి, క్యాపులో పెట్టి ఇంజన్ లోహానికి ఆనించి, ఇరవైసార్లు కిక్ కొట్టండి. ప్లగ్గు గాల్లో వేలాడితే సీడీఐ (ప్లగ్గు నిప్పురవ్వని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) చెడిపోవచ్చు. పైన టాపెట్ మూత (హెడ్డులో వాల్వుల మీది మూత) విప్పి లోపల ఆయిల్ తడి వచ్చిందో లేదో చూడండి. పొడిగా ఉంటే స్టార్ట్ చేయొద్దు, ఇంకా కొట్టండి.

స్టార్ట్ అయ్యాక ఒక చోటే నిలబెట్టి పది నిమిషాలు ఉంచకండి. గాలికి చల్లారే ఇంజన్ ఇది, మన ఎండల్లో అయితే ఇంకా కష్టం. రెండు నిమిషాలు చాలు, తర్వాత నెమ్మదిగా ఓ పది కిలోమీటర్లు తిప్పి చల్లారనివ్వండి. అప్పుడు మౌంటింగు బోల్టులు, సైలెన్సర్ నట్లు మళ్లీ ఒకసారి బిగించాలి, తప్పకుండా ఎంతో కొంత తిరుగుతాయి. క్లచ్ లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి. 100 కిలోమీటర్లకి ఆయిల్ దించి మళ్లీ తెల్ల పళ్లెంలో పోసి చూడండి. రేకులేమీ లేకపోతే కొత్తది పోసి మామూలుగా తిప్పుకోండి.