సమస్యాపూరణం: వీపు చూపినవాఁడె పో వీరుఁడయ్యె

నిర్వహణ:
మిత్రులకు నమస్కారం. ఇచ్చిన చివరి పాదానికి ముందు మూడు పాదాలు చేర్చి, చిక్కు విడిపోయేలా పద్యం పూర్తిచేయాలి. ఈ వారం తేటగీతి పాదం:

వీపు చూపినవాఁడె పో వీరుఁడయ్యె

గణవిభజన: వీపు–చూపిన–వాఁడెపో–వీరు–డయ్యె. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) వీ–వీ.
దత్తాంశం (పూరణకు ఇచ్చిన విషయం): దూరగ్రహానికి చేరువవుతున్న నౌక, అందులోని నావికులు. యుద్ధంలో వెన్నిచ్చి పారిపోయినవాడు వీరుడెలా అవుతాడన్నదే చిక్కు. ఆకాశంలో ఈ మాట అక్షరాలా నిజం. ఎలాగో మీరే చెప్పండి.

పల్నాటి బాబాయి:
దత్తాంశం చూడకముందే మనసులోకి వచ్చిన పూరణ ఇది. దీన్ని వదులుకోలేకపోయాను.

కాలయవనుండు తరుముచుఁ గదియ రాఁగ
గుహకుఁ గొనిపోయి ముచుకుందు కోపవహ్ని
మసిగ మార్చిన చతురుఁడౌ మాధవుండు
వీపు చూపినవాఁడె పో వీరుఁడయ్యె

నిర్వహణ:
బాబాయి గారూ, భాగవతం దశమస్కంధంలోని కృష్ణుడి కథ ఈ పాదానికి సరిగ్గా అతికింది. గుజరాతీలు స్వామిని రణఛోడ్ (రణం విడిచినవాడు) అని పిలుచుకుని డాకోర్‌లో గుడి కట్టుకున్నది ఈ పరుగు వల్లనే. ‘కోపవహ్ని’ దగ్గర సప్తమి లోపించింది, అయినా అన్వయం చెడలేదు. పూరణ నిర్దోషం. దత్తాంశానికి మరొకటి బాకీ ఉన్నారు.

అక్షరి:
వేగమే మృత్యువగు చోట వెరవెరింగి
గ్రహమునకుఁ దోఁక చూపించి గమనమాపి
నిప్పు ముందుకు వెదఁజల్లి నిలిచినట్టి
వీపు చూపినవాఁడె పో వీరుఁడయ్యె

నిర్వహణ:
అక్షరి గారూ, సమస్య గుట్టు మీ పద్యంలో విప్పారింది. ఆకాశంలో రాపిడి లేదు, కాబట్టి ఇంజను కట్టేసినంత మాత్రాన నౌక ఆగదు, వచ్చిన వేగంతోనే గ్రహం పక్కనుంచి దూసుకుపోతుంది. వేగం తగ్గాలంటే నౌకను వెనక్కి తిప్పి, తోకను గమ్యం వైపు పెట్టి, మంటను ముందుకు చిమ్మాలి. ‘నిప్పు ముందుకు వెదఁజల్లి’ నాకు ఎంతో నచ్చింది.

‘గమనమాపి’తో మాత్రం పేచీ ఉంది. గమనం పూర్తిగా ఆగితే నౌక నిట్టనిలువుగా గ్రహం మీద పడుతుంది. కక్ష్యలో నిలవాలంటే కొంత వేగం ఉండి తీరాలి. ‘గమనమడఁచి’ అనండి. సూర్యగణం స్థానంలో సూర్యగణమే, యతి కూడా కదలదు.

అక్షరి:
ధన్యవాదాలండీ. ‘అడఁచి’ వల్ల భౌతికశాస్త్రంతో పాటు పద్యమూ బాగుపడింది. అలాగే మారుస్తున్నాను.

తారాపథం:
నేను పద్యాలు కొత్తగా రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.

మూడు వందల దినములు మూల నిద్ర
పోయియున్నట్టి యింజనుఁ దట్టి లేపి
కుజుని ముంగిటఁ దోఁకను గుదురు సేసి
వీపు చూపినవాఁడె పో వీరుఁడయ్యె

పల్నాటి బాబాయి:
బాబూ, రెండో పాదంలో యతి తప్పింది. ‘పో’కు ‘ద’తో మైత్రి లేదు. ‘యింజనుఁ బొడిచి లేపి’ అను. పో–బొ కుదురుతుంది, గణాలకూ ఇబ్బంది రాదు. నిద్రపోతున్నవాణ్ణి పొడిచి లేపడం మన పలుకుబడే. ఒక సందేహం. ఇది మంగళయాన్ గురించే కదా? అందులో మనుషులెవరూ లేరు, మరి ‘వాఁడె’ అన్నది ఎవరిని?

తారాపథం:
నౌకనే అన్నాను బాబాయి గారూ. 2013 నవంబరు 5న శ్రీహరికోటలో బయల్దేరింది. డిసెంబరు 1న భూమిని విడిచాక పెద్ద ఇంజను దాదాపు 300 రోజులు కదలకుండా ఉంది. అది మళ్లీ వెలుగుతుందా అన్న దిగులుతో 2014 సెప్టెంబరు 22న సుమారు 4 సెకన్లు మండించి చూశారు. 24న నౌక తిరగబడి సుమారు 23 నిమిషాల పాటు మంట ముందుకు చిమ్మింది. ఆ మంటలో కొంతసేపు కుజుడి చాటున ఉంది, అప్పుడు మాటా పలుకూ లేదు. సంకేతం ఇక్కడికి రావడానికే 12 నిమిషాలు పైగా పడుతుంది కాబట్టి ఇక్కడినుంచి పట్టి నడిపించేవాళ్లెవరూ ఉండరు. ముందే ఎక్కించిన ఆజ్ఞలతో తనంత తానే చేసింది. అందుకే ‘వాఁడు’ అనాలనిపించింది.

నిర్వహణ:
ఆ వివరణతో నేను ఏకీభవిస్తాను. చేతనారోపణ కవికి ఉన్న హక్కు, దాన్ని ఇక్కడ సరైన చోట వాడారు. ఆ రోజు తగ్గించుకున్న వేగం సెకనుకు సుమారు 1.1 కిలోమీటర్లు. అంతటితోనే కుజుడు పట్టుకున్నాడు. తొలికక్ష్య ఒక కొస నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకులో ఉంటే రెండో కొస దాదాపు 77,000 దగ్గర ఉంది. ఆపడం వేరు, అడచడం వేరు అని పైన అన్నది ఇందుకే.

విపంచి:
నేను ‘వీపు’ను అలంకారంగా తీసుకోలేదు, మనిషి వీపే.

గాలి కొలిమిలో నౌకయే కాఁగుచుండ
తారలనుఁ జూచి పీఠానఁ దనువుఁ జేర్చి
భారమురమునఁ దాలిచి పరపుడమికి
వీపు చూపినవాఁడె పో వీరుఁడయ్యె

నిర్వహణ:
విపంచి గారూ, ఈ వారం నన్ను ఎక్కువసేపు ఆపిన పద్యం మీదే. వాతావరణంలోకి దిగే గూడు (నావికులుండే క్యాప్సూల్) మొద్దు అడుగును ముందుకు పెట్టి వస్తుంది, మంటను ఆ అడుగునున్న కవచమే కాస్తుంది. నావికులు ఆ అడుగు వైపు వీపులు పెట్టి, మోకాళ్లు ముడిచి వెల్లకిలా పడుకుంటారు. 1984 ఏప్రిల్ 11న రాకేశ్ శర్మ సోవియట్ సోయుజ్ నౌక గూట్లో దిగివచ్చింది ఇలాగే. భారం తలనుంచి కాళ్లకు పడితే మెదడుకు నెత్తురందక స్పృహ తప్పుతుంది, రొమ్మునుంచి వీపుకు పడితే శరీరం చాలా ఎక్కువ ఓర్చుకుంటుంది. ‘భారమురమునఁ దాలిచి’ అన్న నాలుగు గణాల లోపు మాటలో ఆ వైద్యశాస్త్రమంతా ఇమిడింది.

దోషం ఒక్కటే. ‘పరపుడమి’ వైరిసమాసం, సంస్కృత ‘పర’ పక్కన తెలుగు ‘పుడమి’ చేరింది. ‘పరధరణికి’ అనండి. రెండు నగణాలూ నిలుస్తాయి, భా–ప యతీ నిలుస్తుంది.

పల్నాటి బాబాయి:
సవరణ బాగుంది. నిర్వాహకులు కూడా ఒకటి రాయాలి కదా. మనుషులు వెళ్లే నౌక మీద, ఇంకా దూరానికి.

నిర్వహణ:
ప్రాక్సిమా అనే ఎర్రని చిన్న చుక్క మనకు 4.2 కాంతిసంవత్సరాల దూరంలో ఉంది. దాని చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని 2016లో ప్రకటించారు. అక్కడికి ఇంజను ఆపకుండా వెళ్లే నౌకను ఊహించుకున్నాను. సగం దారి వేగం పెంచుకుంటూ పోతే, మిగతా సగం తగ్గించుకుంటూ పోవాలి. అంటే నడిదారిలో నౌక తిరగాలి. తిరిగాక ముక్కు మన సూర్యుడి వైపు ఉంటుంది. గమ్యం దగ్గరపడే కొద్దీ ఎదుట కనబడేది ఇల్లే, శర్మిష్ఠ (కాసియోపియా) చుక్కల మధ్య మరో చుక్కగా.

సగము దూరము దాఁటిన సమయమందె
నావ మరలింప నింటికే నయనమమరె
మనసు నటు పంపి, చేరెడి మన్నునకును
వీపు చూపినవాఁడె పో వీరుఁడయ్యె

అక్షరి:
మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయానండీ. ‘మరలింప’ అంటే వెనక్కి వచ్చేస్తున్నారని పొరబడే వీలుంది, కానీ ‘చేరెడి మన్ను’ ఆ అనుమానం తీరుస్తోంది.

నిర్వహణ:
సరిగ్గా పట్టుకున్నారు, ఆ మాట పెట్టింది అందుకే. వచ్చే వారం పాదం ఆ ప్రాక్సిమా గ్రహం నుంచే, అక్కడ ఏడాదికి 11.2 రోజులు. మళ్లీ తేటగీతే, ప–వ యతి:

పదునొకండు నాళ్ళకె నిండు వత్సరమ్ము

ఈసారి దత్తాంశం లేదు. పురాణానికి తీసుకెళ్లినా, పంచాంగానికి తీసుకెళ్లినా సరే. పూరణలు ఆదివారం సాయంత్రం లోపు పెట్టండి.