షి, నోంగ్, గోంగ్, షాంగ్: ఇవి పుట్టుకతో వచ్చే అంతస్తులేనా?

ప్రశ్న:
ప్రాచీన చైనా సమాజం అనగానే షి (విద్యావంతులు), నోంగ్ (రైతులు), గోంగ్ (చేతిపనివాళ్లు), షాంగ్ (వర్తకులు) అని నాలుగు మెట్లు చెబుతారు. మన వర్ణాల్లా ఇవి కూడా పుట్టుకతోనే ఖాయమా? అప్పటి చైనాలోని చిన్ రాజ్యంలో మామూలు రైతు పైకి రావాలంటే దారేమిటి?

జవాబు 1:
వర్ణాలతో పోల్చడం దగ్గరే లెక్క తప్పుతుందండి. ఆ నాలుగూ ఏ పనికి ఎంత విలువ అని చెప్పే వరుస మాత్రమే. చిన్ చట్టం చూసింది బిరుదును. క్రీ.పూ. 4వ శతాబ్దంలో చిన్ మంత్రి షాంగ్ యాంగ్ సంస్కరణలతో మొదలై 20 మెట్లకు చేరిన పద్ధతి ఇది. కవచం తొడిగిన శత్రువు తల ఒకటి తెస్తే ఒక మెట్టు, 1 చింగ్ పొలం (100 మూ, సుమారు 11 ఎకరాలు), 9 మూ ఇంటిస్థలం. మొదటి మెట్టు ‘గోంగ్‌షి’. నాలుగోది ‘బు గెంగ్’, అంటే వంతు వెట్టికి పోనక్కర్లేనివాడు.

చిక్కల్లా ఆ తల ఎవరు కొట్టారో తేల్చడంలోనే. 1975లో చైనాలోని హుబే ప్రాంతంలో షుయిహుది సమాధిలో దొరికిన చిన్ నాటి వెదురు బద్దల మీది రాతల్లో ఒక కేసుంది. ఇద్దరు ఒకే తలను నాదంటే నాదని తెచ్చారు. అధికారి పరీక్షించి రాసుకున్నాడు: నుదుటికి కుడిపక్కన సగం జానెడు గాయం, ఎముక దాకా దిగింది, కత్తి దెబ్బలా ఉంది, మెడ తెగినచోటు ఎగుడుదిగుడుగా ఉంది. అంతటితో వదల్లేదు, తమ దళాల్లో తప్పిపోయినవాళ్లున్నారేమో, వచ్చి గుర్తుపట్టమన్నాడు. సొంత సైనికుడి తలే తెచ్చి బిరుదు కొట్టేస్తారన్న భయం!

ప్రశ్న అడిగినవారు:
మరి ఆ బిరుదు కొడుక్కి వస్తుందా?

జవాబు 2:
తగ్గి వస్తుంది. చిన్ తర్వాత వచ్చిన హాన్ వంశపు చట్టాలు, క్రీ.పూ. 186 నాటివి, జాంగ్‌జియాషాన్ అనే చోట దొరికాయి. వాటి ప్రకారం, జబ్బుతో పోయిన నాలుగో మెట్టువాడి వారసుడికి రెండోది, మూడో మెట్టువాడి వారసుడికి మొదటిది. ప్రభుత్వ పనిమీద చనిపోతే మాత్రం బిరుదు తగ్గకుండా కొడుక్కే. వెట్టి నుంచి వయసు మినహాయింపూ మెట్టును బట్టే: బిరుదు లేనివాడికి 66 ఏళ్లకు, గోంగ్‌షికి 65కు, బు గెంగ్‌కు 62కు, ఐదో మెట్టు నుంచి పైవాళ్లకు 58కే.

నన్ను కదిలించేది చిన్ చట్టంలోని ఒక నిబంధన: రెండు మెట్లు వెనక్కిచ్చేస్తే, ప్రభుత్వ బానిసలైన కన్నతల్లిదండ్రుల్లో ఒకరిని విడిపించుకోవచ్చు.

జవాబు 3:
వర్తకుల సంగతి వేరు. క్రీ.పూ. 199లో హాన్ వంశ స్థాపకుడు గావోజు చక్రవర్తి వాళ్లకు ఖరీదైన పట్టుబట్టలు, ఆయుధాలు, గుర్రపుస్వారీ నిషేధించాడు. డబ్బున్నా హోదా రాకుండా కట్టడి చేయడమే ఉద్దేశం.