పార్లర్ వదిలి పూర్తిగా టీచింగ్‌లోకి మారినవాళ్లు ఉన్నారా?

12 ఏళ్లుగా బ్యూటీషియన్‌గా చేస్తున్నాను. ఈమధ్య ఒక ట్రైనింగ్ సెంటర్‌లో నెలపాటు క్లాసులు చెప్పాను. థ్రెడింగ్‌లో రోజూ దారం తెంపేసే ఒకమ్మాయి, మూడో వారం రెండు కనుబొమ్మలూ సమంగా తెచ్చి నా వైపు చూసింది. ఆ తృప్తి ఏ కస్టమర్ మెచ్చుకున్నా రాలేదు.

కానీ జుట్టు రంగులో కలిపే 20 వాల్యూమ్ డెవలపర్ అంటే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అని, హెయిర్ కలర్‌కి 48 గంటల ముందే ప్యాచ్ టెస్ట్ (రంగు చర్మానికి పడుతుందో లేదో చూసే పరీక్ష) ఎందుకో చెప్పబోతే తడబడ్డాను. చేతికి వచ్చింది నోటికి రాదే! పైగా కస్టమర్లను వదిలేస్తే చెయ్యి మొద్దుబారుతుందేమోనని టెన్షన్.

కొన్నేళ్లయ్యాక కూడా ఈ తృప్తి ఉంటుందా, లేక అదే సిలబస్ చెప్పీచెప్పీ విసుగొస్తుందా? వారానికి రెండ్రోజులైనా పార్లర్ పని ఉంచుకోవాలంటారా? మీ అనుభవం చెప్పండి, ప్లీజ్.