పెర్న్ డ్రాగన్లను కొత్తవాళ్లకు పరిచయం చెయ్యాలంటే ఏ ఘట్టం చదివి వినిపించాలి?

రెక్కలచప్పుడు:

పెర్న్ అనే గ్రహం మీది డ్రాగన్ల కథలు రాసిన ఆన్ మెకాఫ్రీ పుట్టింది 1926 ఏప్రిల్ 1న. అంటే 2026తో నూరేళ్లు. కలిసి పుస్తకాలు చదువుకునే మా బృందం ఒక సాయంత్రం మొత్తం ఆవిడకే ఇచ్చేసింది. ఆ మాట విన్నప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. చిక్కల్లా ఏమిటంటే, వచ్చేవాళ్లలో చాలామందికి పెర్న్ పేరే తెలియదు. ‘‘డ్రాగన్లంటే మంత్రాలూ మాయలూ కదా, సైన్స్ ఫిక్షన్ సాయంత్రంలో వాటికేం పని?’’ అని ఒకరు అప్పుడే అడిగేశారు కూడా.

నా వంతు అరగంట. ముందు కాస్త పరిచయం, ఆ తర్వాత ఒకే ఒక్క ఘట్టం. నా మనసంతా ‘డ్రాగన్‌ఫ్లైట్’ నవలలో కథానాయిక లెస్సా నాలుగు వందల ఏళ్లు వెనక్కి దూకే చోటే ఉంది. డ్రాగన్లూ వాటి రైడర్లూ ఉండే స్థావరాలను వేర్ అంటారు; అలాంటి ఆరింటిలో ఐదు ఎందుకు ఖాళీ అయిపోయాయో ఎవరికీ అంతుపట్టదు. హార్పర్లనే అక్కడి గాయకులు తరతరాలుగా పాడుకుంటూ వస్తున్న ఒక పాటలో ఆ జవాబు దాగి ఉంటుంది. పాత నేత తెర మీద ఉన్న రువాథా కోట తలుపు బొమ్మనే గుర్తుగా పెట్టుకుని, తన డ్రాగన్ రామోత్‌ను ఆ కాలానికి తీసుకుపోతుంది లెస్సా. ఎన్నిసార్లు చదివినా అక్కడ నాకు ఊపిరి ఆడదు. కానీ వేర్ ఏమిటో, థ్రెడ్ ఏమిటో, బిట్వీన్ ఏమిటో తెలియనివాళ్లకు ఆ సాహసం ఎంతటిదో అందుతుందా? మీరైతే ఏది చదువుతారు? ఎందుకు?

ఫైర్‌స్టోన్_సంచి:

అందదండి. అది కథ మధ్యలో నిలబడ్డవాళ్లకే అందే ఘట్టం. అదే పుస్తకంలో ఇంకా మొదటివైపుకు రండి, రామోత్ గుడ్డు పగిలే చోటికి. పదేళ్లుగా తన సొంత కోటలోనే పనిమనిషిలా మసిబారి బతికిన లెస్సా, అప్పుడే పుట్టిన బంగారు రంగు రాణి డ్రాగన్ ఎదుట నిలబడుతుంది. అంతవరకూ ఆ పిల్ల మనసులో ఉన్నది పగ ఒక్కటే. ఆ చూపులు కలిశాక ఇంకేదో మొదలవుతుంది. దానికి ముందు కథ రెండు వాక్యాల్లో చెప్పేయొచ్చు.

గుడ్డుపెంకు:

నా ఓటు వేరు. ‘డ్రాగన్‌క్వెస్ట్’లో చిన్న గుడ్డు ఘట్టం చదవండి. కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే మీ మిత్రులు అడిగిన ప్రశ్నకు కూడా జవాబు అందులోనే ఉంది.

బెండెన్ వేర్‌లో గుడ్లన్నీ పగిలాయి, పిల్ల డ్రాగన్లన్నీ తమ తమ రైడర్లను ఎంచుకున్నాయి. ఒకటి మిగిలింది. మరీ చిన్నది. లోపల ఏదో కొట్టుకుంటోంది, పెంకు మాత్రం పగలడం లేదు. పెద్దలంతా చూస్తూ నిలబడ్డారు, ఎవరూ ముందుకు రారు. బతకలేనిదాన్ని బతికించకూడదన్నది అక్కడి పద్ధతి. అప్పుడు రువాథాకు కాబోయే ప్రభువు జాక్సమ్, ఇంకా కుర్రాడే, గుడ్లున్న ఇసుకలోకి పరిగెత్తి ఆ గుడ్డును కాలితో తన్ని, మొలలోని కత్తితో లోపలి పొరను కోసేస్తాడు. తెల్లటి పిల్ల ఒకటి బయటికి దొర్లుతుంది. తెల్ల డ్రాగన్ అన్నది అంతకుముందు ఎవరూ ఎరగరు. అదే రూత్.

నాలుగు పేజీలు కూడా ఉండదేమో, అందులో ఎన్ని ఉన్నాయో చూడండి. కోటకు ప్రభువైనవాడు డ్రాగన్ రైడర్ కాకూడదు, ఒకరి చేతిలో రెండు అధికారాలు ఉండకూడదని కట్టుబాటు. అది ఒక్క తన్నుతో తెగిపోయింది. ఆ పిల్ల ఎలాగూ బతకదులే అన్న ధీమాతో పెద్దలు పోట్లాట వాయిదా వేసుకుంటారు. అది బతికింది! బతికిందే కాదు, కాలంలో ఎక్కడ ఉన్నా తాను ఏ కాలంలో ఉన్నదో దానికి తప్పకుండా తెలుస్తుంది. 1978లో వచ్చిన ‘ద వైట్ డ్రాగన్’ అంతా ఆ జంట పెరిగిన కథే. న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాకెక్కిన తొలి సైన్స్ ఫిక్షన్ పుస్తకాల్లో అది ఒకటి.

ఇక మంత్రాల మాట. పెర్న్‌లో మంత్రం ఒక్కటి కూడా లేదు. అది రుక్‌బాట్ అనే నక్షత్రానికి మూడో గ్రహం. మనుషులు అంతరిక్ష నౌకల్లో వచ్చి స్థిరపడి, తర్వాత ఆ సంగతే మరిచిపోయారు. సుమారు 250 ఏళ్లకోసారి రెడ్ స్టార్ అనే దారితప్పిన గ్రహం దగ్గరికొస్తుంది. అప్పుడు దాదాపు 50 ఏళ్ల పాటు ఆకాశం నుంచి థ్రెడ్ రాలుతుంది. వెండి పోగుల్లా కనిపించే ఆ బీజాలు ప్రాణమున్న దేన్నైనా తినేస్తాయి. రాయినీ లోహాన్నీ ఏమీ చెయ్యలేవు, నీళ్లలో పడితే చస్తాయి. డ్రాగన్లు ఆ బెడద కోసం మనుషులు తయారుచేసుకున్న జీవులు. అక్కడి ఫైర్ లిజార్డులనే చిన్న జీవాల నుంచి జన్యుమార్పిడితో పుట్టించారు. నిప్పు కక్కడానికి కూడా లెక్క ఉంది. ఫైర్‌స్టోన్ నమిలితే అది వేరే పొట్టలోకి వెళ్తుంది, అక్కడ పుట్టిన వాయువు గాలి తగలగానే మండుతుంది. అది నమిలితే ఆడ డ్రాగన్లకు గుడ్లు పెట్టే శక్తి పోతుంది కాబట్టి బంగారు రాణులు నమలరు. వాళ్ల రైడర్లు మంటలు చిమ్మే యంత్రాలు పట్టుకుని కింది వరసలో ఎగురుతూ, పైవాళ్లు వదిలేసిన పోగుల్ని కాలుస్తారు.

మెకాఫ్రీలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఏ అద్భుతమూ ఊరికే రాదు. పిల్ల డ్రాగన్ ఎదిగేటప్పుడు చర్మం సాగి పొలుసులు లేస్తుంది. రోజూ స్నానం చేయించి, రెక్కల మడతల్లోకి చెయ్యి పెట్టి నూనె రుద్దాలి. ఒక్క చోట వదిలేసినా అక్కడ చర్మం చిట్లుతుంది, చిట్లిన చర్మంతో బిట్వీన్‌లోకి వెళ్తే ప్రమాదం. బిట్వీన్ అంటే వెలుతురూ శబ్దమూ లేని గడ్డకట్టే చలి. చోటు నుంచి చోటుకు దూకేటప్పుడు కొన్ని క్షణాలు దాన్ని దాటాలి. చేరాల్సిన చోటు బొమ్మ రైడర్ మనసులో స్పష్టంగా లేకపోతే ఇద్దరూ తిరిగి రారు. అదే చలి ఒంటిమీద పడ్డ థ్రెడ్‌ను చంపేస్తుంది కూడా. ప్రాణం తీసేదీ, కాపాడేదీ అదే. రైడర్ చనిపోతే డ్రాగన్ కూడా ఆ చలిలోకే వెళ్లిపోతుంది.

గుడ్డు ఘట్టం విన్నాక ఇవన్నీ ఎవరికీ విడిగా పాఠం చెప్పక్కర్లేదు. వాళ్లే అడుగుతారు.

సముద్రగుహ:

గుడ్డుపెంకు గారు చెప్పింది చదివి రూత్ కోసం మళ్లీ పుస్తకం తీశాను. అయినా కొత్తవాళ్లకు నేను మెనోలీనే చూపిస్తాను. 1976 నాటి ‘డ్రాగన్‌సాంగ్’. పాటలు కట్టడం తప్ప వేరే ఊపిరి లేని పిల్ల, ఆడపిల్లకు అదేం పని అని తండ్రి నోరు మూయిస్తాడు. చేపలు కోస్తుంటే కత్తి జారి చెయ్యి తెగుతుంది, ఇక వాయించలేవని ఇంట్లోవాళ్లే తేల్చేస్తారు. ఇల్లు వదిలి తిరుగుతూ ఒకరోజు థ్రెడ్ రాలే వేళకు సముద్రపు గుహలో చిక్కుకుంటుంది. సరిగ్గా అప్పుడే అక్కడ ఫైర్ లిజార్డు గుడ్లు పగులుతాయి. ఆకలితో అరుస్తూ బయటికి ఎగరబోతాయి, బయట చావు రాలుతోంది. చేతికందిన తిండి నోళ్లలో కుక్కి ఆపుతుంది. అలా తొమ్మిది ఆమెవైపోతాయి.

డ్రాగన్ ఒక్కటీ ఎగరని ఘట్టమే, కానీ ఆ బంధం ఎలా పడుతుందో ఇంతకంటే దగ్గరగా ఎక్కడా కనిపించదు. మెకాఫ్రీ గాత్రం నేర్చుకున్న మనిషి. ఆ పిల్ల గొంతు నొక్కేసే పేజీల్లో అది తెలుస్తుంది, రాసినావిడకు పాట ఆగిపోవడమంటే ఏమిటో తెలుసు. ‘ద షిప్ హూ సాంగ్’లో నౌకే శరీరమైన హెల్వా పాడుతుంటే కూడా నాకు ఇలాగే అనిపిస్తుంది.

ఇంకొక మాట. పిల్లలు వస్తున్నట్లయితే ‘డ్రాగన్‌ఫ్లైట్’ వద్దు. డ్రాగన్ల జత కలిసే వేళ రైడర్లకు తమ మీద తమకు పట్టు ఉండదన్న ఊహ, డ్రాగన్ రైడర్ ఎఫ్‌లార్ లెస్సాను పట్టుకుని కుదిపేసే తీరు, ఇవి నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడతాయి. ఆవిడంటే ప్రాణం కాబట్టే ఈ మాట చెప్తున్నాను.

రెక్కలచప్పుడు:

అందరికీ ధన్యవాదాలు. గుడ్డుపెంకు గారూ, మీరు గెలిచారు, రూత్‌నే చదువుతాను. పిల్లలు ఇద్దరు ముగ్గురు వస్తున్నారు, కాబట్టి ఇంటికి తీసుకెళ్లి చదువుకోవడానికి ‘డ్రాగన్‌సాంగ్’ చేతికిస్తాను. సముద్రగుహ గారు చెప్పిన ఇబ్బంది నాకూ ఉంది.

పరిచయంలో ఇవి పెట్టుకున్నాను. పెర్న్ కథ ‘వేర్ సెర్చ్’ 1967 అక్టోబర్ అనలాగ్ పత్రికలో వచ్చింది, సంపాదకుడు జాన్ కాంప్‌బెల్. సైన్సు విషయంలో అంత పట్టుదల గల పత్రికలో డ్రాగన్లకు చోటు దొరికిందంటే, ఎందుకు దొరికిందో గుడ్డుపెంకు గారి జవాబులోనే ఉంది. 1968లో ఆ కథకు హ్యూగో, తర్వాత ‘డ్రాగన్‌రైడర్’కు నెబ్యులా. కల్పనా రచనకు ఆ రెండు బహుమతులూ అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. 1970లో ఐర్లాండ్ వెళ్లి, 2011లో కన్నుమూసేదాకా అక్కడే ఉంది. గుర్రాలు పెంచుకుంది, ఇంటికి డ్రాగన్‌హోల్డ్ అని పేరు పెట్టుకుంది. జంతువు ఒంటి మీద చెయ్యి వేసి బతికినవాళ్లే ఆ నూనె రుద్దే పేజీలు రాయగలరని నా నమ్మకం.

ఒకటే సందేహం. రాణి డ్రాగన్ రైడర్ మొరీటా గురించి చెప్పాలా?

ఫైర్‌స్టోన్_సంచి:

చెప్పండి, కొంతవరకే. 1983 పుస్తకం. ఖండమంతా ఒక అంటువ్యాధి, మనుషులకే కాదు, అక్కడి గుర్రాల్లాంటి జంతువులకు కూడా. టీకా మందును ఒక్క రోజులో అన్ని కోటలకూ చేర్చాలి, రైడర్లు కాలంలో ముందుకూ వెనక్కూ దూకుతూ ఆ పనికి దిగుతారు. మొరీటా అలసిపోయి ఉంటుంది. అక్కడితో ఆపేయండి. మిగతా పుస్తకాల్లో ఆమె మీద కట్టిన పాట వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఏదో జరిగిందని వాళ్లకే తెలుస్తుంది. ఏం జరిగిందో మాత్రం ఎంత బతిమాలినా చెప్పకండి, పుస్తకం చేతికివ్వండి.